గిద్దలూరు అడవిలో కలప ట్రాలీల దారి

డెబ్భై ఎనిమిదేళ్ల మా నాన్న నన్నెప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. డాక్టరు గుండె సంగతి చెప్పిన రోజు మాత్రం, "అమ్మాయ్, గిద్దలూరు అడవికి ఒక్కసారి తీసుకెళ్తావా? సుబ్బయ్యకి చెప్పుకోవాల్సింది ఉంది" అన్నాడు.

ప్రత్తిపాడు నుంచి వచ్చి ఉదయం ఆరింటికి గుంటూరులో రైలెక్కాం. నల్లపాడు దాటాక కల్లాల నిండా మిరపకాయలు. ఇడ్లీ పొట్లం విప్పితే నాన్న ఒకటి తిని, అప్పుడు చెప్పాడు.

నేను పుట్టకముందు, ఒక కరువు ఏడాది ఆయన, పక్కింటి సుబ్బయ్య అడవిలో కూలికి వెళ్లారట. సన్నటి పట్టాల మీద దుంగల ట్రాలీ వాలులో దానంతటదే దిగేది. సుబ్బయ్య బ్రేకు కర్ర నొక్కేవాడు. వానకి తడిసిన పట్టాల మీద చక్రాలు జారకుండా ముందు కూర్చున్న నాన్న పొడి ఇసుక చల్లాలి. ఆ రోజు షెడ్డుదాకా నడవడానికి బద్ధకించి, వాగులో తడి ఇసుకే డబ్బాకెత్తాడు. మలుపులో చల్లబోతే ముద్దలుగా పడింది, ట్రాలీ ఆగలేదు. నాన్న దూకేశాడు. సుబ్బయ్య బ్రేకు వదల్లేదు, ట్రాలీతోపాటే పోయాడు.

"దుంగలు జారాయని చెప్పా అందరికీ. వాళ్లమ్మక్కూడా."

నాకు కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు.

పదింటికి గిద్దలూరులో దిగి ఆటోలో అటవీశాఖ చెక్‌పోస్టుకి వెళ్లాం. అనుమతి ముందే తీసుకోవాలి, నీళ్లు కూడా మోసుకెళ్లాలి. తోడొచ్చిన గంగన్న చెంచు మనిషి. ఒకప్పుడు నరికి బోడి చేసిన కొండట, ఇప్పుడు ఎండ కూడా దూరడంలేదు. ఓ మద్దిచెట్టు మొదట్లో మూరెడు పట్టా ఇరుక్కుని ఉంది. నాన్న దాన్ని తడిమి, "మలుపు ఇక్కణ్నుంచి ఎంత దూరం?" అన్నాడు.

"మిగతా పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు పెద్దాయనా. దీన్ని చెట్టు వదల్లేదు, అంతే. మలుపు నాకూ తెలీదు."

రెండింటిదాకా వెతికాం. ప్రతి వాలు దగ్గరా నాన్న "ఇదే" అనడం, నాలుగడుగులేసి "కాదులే" అనడం. చివరికి విసుగొచ్చి, ఎక్కడో ఒకచోట నిలబడి చెప్పుకో నాన్నా అన్నాను.

"ఎక్కడో ఒకచోట ఎట్టాగమ్మా? వాడు పోయింది ఒక్కచోటేగా."

నాలుగున్నరకి తిరుగు రైలు. ఎదురు సీట్లో పత్తి రైతు పలకరించాడు. "అడవిలో ఏం చూశారండీ?"

"చెట్లు బాగా పెరిగాయండి," అన్నాడు నాన్న.

నిజమే, అంత పచ్చని అడవి నేనెక్కడా చూడలేదు. చూసినంతసేపూ ఏడుపే వచ్చింది.

నరసరావుపేటలో రైలు ఆగింది. "సుబ్బయ్య చెల్లెల్ని ఈ ఊళ్లోనే ఇచ్చారు," అంటూ నాన్న లేచి తలుపుదాకా వెళ్లాడు. కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి కూర్చుని, "ఇంకోసారి వద్దాంలే" అన్నాడు.

రైలు కదిలింది. ఇప్పుడే దిగుదాం పద అని నేనూ అనలేదు.