కోటేశ్వరి చెప్పిన వాన

ఈ బరువు ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా అబద్ధమే. మోసేవాడికి నడుం వంగాలి. నాకు వంగలేదు. వేళకు తిన్నాను, వేళకు పడుకున్నాను, ఎవరింట్లో పెళ్ళికి ముహూర్తం పెట్టమన్నా నిబ్బరంగా పెట్టాను, పిల్లలు కాళ్ళకు దణ్ణం పెడితే చల్లగా ఉండమని దీవించాను. బరువు మోసింది వేరే మనిషి. ఆమె పేరు కోటేశ్వరి. పశ్చాత్తాపం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు గానీ కోపం మాత్రం బాగా తెలుస్తోంది. చచ్చిపోయి సెంటర్లో బొమ్మై నిలబడ్డ ప్రెసిడెంటు మీద కోపం. ఆ బొమ్మకు దండలేసే ఊరి మీద కోపం. అందరికంటే ఎక్కువ, ఆ దండలకు మంత్రం చదివిన నా మీద.

నా పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప తప్ప ఇంకేమీ కనిపించని ఊళ్ళలో అదొకటి అనుకోండి. నేను అక్కడ పురోహితుణ్ణి. పేరు దాచుకోవడం ధైర్యం లేకే. చదివేలోపు మీరు నన్ను మంచివాణ్ణనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను.

ఎనభైల నాటి సంగతి. ఊళ్ళో రెండు పార్టీలు. జెండాలుండే పార్టీలు కావు, రెండు ముఠాలు. ఒకదానికి నాయకుడు మా పంచాయతీ ప్రెసిడెంటు. పత్తి జిన్నింగు మిల్లు ఆయనది, రామాలయం మీది మైకుసెట్టు ఆయనది, జీపు ఆయనది. అందరూ పొలాలు కొంటుంటే ఆయన మనుషుల్ని పోగేసేవాడు. మామూలు మనుషుల్ని కాదు. పక్క ఊళ్ళో ఒక కుర్రాడికి నాలుగు వీధుల అవతల గుసగుస కూడా వినపడుతుందని తెలిసి జీపు పంపి తెప్పించుకున్నాడు. ఇంకొకడు నిండు పత్తి బేలును ఒంటిచేత్తో లారీకెత్తేవాడు. వాళ్ళకు మిల్లు వెనక గదులిచ్చాడు, కడుపునిండా అన్నం పెట్టాడు, సైకిళ్ళు కొనిచ్చాడు. ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లలు. తమను ఒకరు గుర్తించారన్న సంతోషంలో ఆయన ఏం చెబితే అది చేశారు. చెవులున్నవాడు రెండో పార్టీ ఇళ్ళలో ఏం మాట్లాడుకుంటున్నారో మోసుకొచ్చేవాడు. బలమున్నవాడి చేత ఏమేం చేయించారో నేను రాయను, ఆ కుటుంబాలు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. చెవులవాడి పక్కనే చివరికొక నాటుబాంబు పేలింది. ఆ తర్వాత వాడికేమీ వినపడలేదు. సైకిలు వెనక్కి తీసుకుని ఇంటికి పంపేశారు.

"ఎకరాలదేముందండీ పంతులుగారూ, డబ్బుంటే ఎవడైనా కొంటాడు. అసలు ఆస్తి ఈ పిల్లలు," అనేవాడు ప్రెసిడెంటు నాతో. నేను నవ్వేవాణ్ణి. పిల్లల్ని ఆస్తి అంటే నవ్వు ఎలా వచ్చింది నాకు? ఇప్పుడు ఎంత గింజుకున్నా అర్థం కావడం లేదు.

కోటేశ్వరి రెండో పార్టీ వాడైన నాగయ్య కూతురు. నాగయ్యది కౌలు సేద్యం, మిరప. భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఆ పిల్లకు వాన ముందే తెలిసేది. మబ్బు పట్టకముందే, గాలి తిరగకముందే, నాలుక మీద ఇనుము రుచి తగిలేదట. రేపు పొద్దున పడుతుంది, కాలవకు ఇవతలే పడుతుంది, అవతల పడదు అని చెప్పేది. అలాగే పడేది. ఒక్కసారి కూడా తప్పలేదు. మిరపకాయలు కల్లంలో ఎండబెట్టుకున్న రైతుకు అంతకన్నా కావలసిందేముంది? కాయలు ఎండాక ఒక్క వాన పడితే ఏడాది కష్టం బూజు పట్టి పోతుంది.

నా కడుపుమంట అక్కడే మొదలైంది. ఉగాదికి పంచాంగం చదివేవాణ్ణి నేను. ఈ ఏడు వాన సముద్రంలో ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని గొంతెత్తి చదువుతుంటే ఒక ఏడాది ఎవడో వెనకనుంచి అన్నాడు, "నేల మీదంటే ఎవరి నేల మీదండీ? ఎందుకొచ్చిన గొడవ, కోటేశ్వరినడిగితే పోలా?" అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు. పదిహేడేళ్ళ పిల్ల మీద పెద్దవాణ్ణి, వేదం చదువుకున్నవాణ్ణి, కుళ్ళుకున్నాను. దీనికి ఇంకో మాట వెతికాను. దొరకలేదు.

ఆ పిల్లను తన దగ్గరకు తెచ్చుకోవాలని ప్రెసిడెంటు మనుషుల్ని పంపితే నాగయ్య గుమ్మంలోంచే పొమ్మన్నాడు. అప్పుడు నన్ను పంపాడు. నేను వెళ్ళి ఊరి మంచి గురించి మాట్లాడాను. దేవుడిచ్చింది పార్టీలకతీతంగా పంచాలన్నాను. పిల్ల రోజూ మధ్యాహ్నం ప్రెసిడెంటు వసారాలోకి వచ్చి నాకు చెబితే చాలు, నేను రామాలయం మైకులో ఊరందరికీ చెబుతానన్నాను. పంతులుగారి మాట గదా, నాగయ్య ఒప్పుకున్నాడు. నాకు కావలసింది ఊరి మంచి కాదు. వాన మాట మళ్ళీ నా నోటినుంచి రావాలి, అంతే.

రెండు పంటకాలాలు అలా నడిచింది. కోటేశ్వరి చెప్పింది చెప్పినట్టు నేను మైకులో చెప్పాను. ఆ పార్టీ ఈ పార్టీ అని లేకుండా అందరూ విన్నారు. మెల్లగా ఊరు ఆకాశం చూడడం మానేసింది. సాయంత్రం మైకు మోగేదాకా ఆగి, దాన్నిబట్టి కాయల మీద పట్టాలు కప్పేవాళ్ళు, లేదా వదిలేసేవాళ్ళు. ప్రెసిడెంటు ఎంత ఓపిక పట్టాడో నాకు తర్వాత తెలిసింది. రెండేళ్ళు నిజం చెప్పించాడు, ఒక్క అబద్ధం నమ్మించడానికి.

మూడో ఏడు పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. కల్లాల నిండా కాయలున్నాయి. ఒక మధ్యాహ్నం కోటేశ్వరి వసారాలోకి వచ్చి నాతో అంది, తెల్లారేసరికి పెద్ద వాన, ఊరంతా, మధ్యాహ్నం దాకా ఆగదు. అని వెళ్ళబోతుంటే ప్రెసిడెంటు భార్య పిలిచింది. మంగళగిరి కొండకు పానకం మొక్కు ఉంది, తోడు రమ్మంది. పిల్ల జీపెక్కింది. మాట నాకు చెప్పేసింది కదా, ఇంక దిగులెందుకు? జీపు కదిలాక ప్రెసిడెంటు నా పక్కన కూర్చుని, రేపు ఎండ అని చెప్పండి అన్నాడు. తమవాళ్ళకు కబురు వెళ్ళిపోయిందట, కాయలు మిల్లు గొడౌనుకు చేరుతున్నాయట. మిగతావాళ్ళు నష్టపోతే ఆయన కాళ్ళ దగ్గరకే వస్తారట.

బెదిరించాడని చెప్పుకోగలిగితే బాగుండేది. బెదిరించలేదు. కాఫీ ఇప్పించాడు. నేను తాగాను. తాగి, లేచి, రామాలయానికి నడిచి, మైకు ముందు నిలబడి, "కోటేశ్వరి మాటగా చెబుతున్నాను, రేపు వాన లేదు, కాయలకు నీళ్ళు చల్లుకోవచ్చు," అన్నాను.

ఆ నీళ్ళ మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. ఎండిన కాయను అలాగే బస్తాకెత్తితే తునిగి గింజ రాలిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి మెత్తబరిచి, పొద్దున్నే తొక్కి నింపుతారు. అలా తడిపిన కాయ మీద వాన పడితే ఇక దేనికీ పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఎందుకన్నాను? మాట నమ్మకంగా ఉంటుందని. అబద్ధం చెప్పేటప్పుడు కూడా బాగా చెప్పాలన్న యావ.

తెల్లారేసరికి వాన పడింది. రెండో పార్టీ కల్లాలన్నీ మునిగాయి. జీపు తిరిగొచ్చేసరికి జనం రోడ్డు మీదే ఉన్నారు. ప్రెసిడెంటు వాళ్ళ కాయలు మాత్రం గొడౌనులో భద్రంగా ఉన్నాయి కాబట్టి, ఆ పిల్ల అటు నిజం చెప్పి ఇటు అబద్ధం చెప్పిందని అందరూ తేల్చేశారు. ఆడవాళ్ళు జుట్టు పట్టుకుని జీపులోంచి లాగారు. కన్నతండ్రి కాయల్నే ముంచావు గదే అన్నారు. "నేను పంతులుగారికి చెప్పాను, వానొస్తదని చెప్పాను," అంది. అందరూ నావైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు ప్రెసిడెంటే అందుకున్నాడు, "పంతులుగారు అబద్ధం చెప్పే మనిషేనా?" అని. నేను తల దించుకున్నాను. దాన్ని కూడా జనం పెద్దమనిషి బాధ అనుకున్నారు.

నాగయ్య కూతురి వంక చూడలేదు. నాకు బిడ్డ లేదని నలుగురిలో చెప్పి తడిసిన కాయల దగ్గరకు వెళ్ళిపోయాడు. మర్నాడు వాడరేవు నుంచి పిన్ని వచ్చి ఆ పిల్లను తీసుకుపోయింది.

ఇంతవరకు భయం అనుకోండి, అసూయ అనుకోండి. ఇక్కడినుంచి చెప్పేదానికి మాత్రం ఏ పేరూ పెట్టలేను.

రెండేళ్ళయ్యాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాగయ్య మా ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు. దగ్గుతున్నాడు. కూర్చోమంటే అరుగు చివర కూర్చున్నాడు, కండువా ఒళ్ళో పెట్టుకుని.

"ఒక్క మాట అడుగుదామని వచ్చానండీ. మీరు అబద్ధం చెప్పరు గాబట్టి అడుగుతున్నాను."

"అడుగు నాగయ్యా."

"ఆ రోజు నా బిడ్డ ఏం చెప్పింది?"

వాడే మళ్ళీ అన్నాడు.

"వానొస్తదనే చెప్పింది, ఎక్కడో మాట మారింది అని మీ నోటితో ఒక్కసారి అనండి. ఇప్పుడే బస్సెక్కి పోయి దాన్ని తెచ్చుకుంటాను. మారిస్తే ఎవరు మార్చారని నేనడగను. ఎవరితోనూ తగువుకి పోను."

"ఎందుకు నాగయ్యా ఇప్పుడు ఆ సంగతి?"

"ఇల్లు బోసిగా ఉందండీ. పిల్ల కావాలి నాకు. కానీ ఊరు ఊరంతా ముంచిన పిల్లని ఏ మొహం పెట్టుకుని తెచ్చుకోను? మీరు కాదంటే చాలు నాకు."

చూశారా, తప్పెవరిదో కూడా అడగనన్నాడు. నాకు దారి కూడా తనే చూపించాడు. ఎక్కడో మాట మారింది, ఈ మూడు ముక్కలు పలికితే చాలు. నా పేరు కూడా బయటకు రాదు. అయినా నాకు భయమేసింది. పిల్ల ఊళ్ళోకి వస్తుంది, ఎదురుపడుతుంది, రోజూ నన్ను చూస్తుంది. ఆ చూపు తప్పించుకోవడానికి నేనన్నాను:

"వాన లేదనే చెప్పింది నాగయ్యా."

వాడు లేచి, "మంచిదండీ," అని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ ఏడు వానాకాలంలోనే పోయాడు. కూతురికి కబురు పెట్టాలా అని వాళ్ళ అన్న కొడుకు నన్నే అడిగాడు. తండ్రే వద్దనుకున్నాడు గదా అన్నాను.

పోయిన ఏడు వాడరేవు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, ఈ ఒక్కమాట నమ్మండి. ఇసుకలో చేపలు ఎండబోసుకునే ఆడవాళ్ళ మధ్య ఉంది. జుట్టు నెరిసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఎక్కడా మబ్బు లేదు. తను మాత్రం తన చేపల్ని గబగబా గంపకెత్తుతోంది. పక్కవాళ్ళు నింపాదిగా ఇంకా పరుస్తూనే ఉన్నారు. వాళ్ళకు చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఎవరు ఏం నష్టపోయినా నోరు విప్పని మనిషైంది. ఆ నోరు నొక్కింది ప్రెసిడెంటు కాదు, నేను.

నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. గంప చంకనెత్తుకుని దగ్గరకు వచ్చి ఒక్కటే అడిగింది.

"మా నాన్న నా గురించి ఎప్పుడన్నా అడిగాడా పంతులుగారూ?"

"లేదమ్మా," అన్నాను.

ఎందుకన్నాను? అడిగాడంటే ఏమడిగాడని అడుగుతుంది. అది చెబితే నేనేం చెప్పానని అడుగుతుంది. అంతే. అంత చిన్న లెక్కకు ఆమె తండ్రిని రెండోసారి ఆమెకు దూరం చేశాను. చీరాలకు తిరిగొచ్చే బస్సులో ఉండగా వాన పట్టుకుంది. బస్సులో వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, తడిస్తే ఏదో తీరుతుందనుకున్నాను కాబోలు. ఏమీ తీరలేదు, జలుబు చేసింది.

ఇప్పుడు ఇది రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా ఒళ్ళు మండుతోంది నాకు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీకు లేదు. ఒకటే అడుగుతాను. ఆమె పెద్దగా చదువుకోలేదు. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఇది ఆమెకు చదివి వినిపించండి. మొత్తం అక్కర్లేదు. ఈ కింది ముక్క చాలు.

అడిగాడమ్మా. మా అరుగు మీద కూర్చుని అడిగాడు. నిన్ను తెచ్చుకుంటానన్నాడు. వద్దన్నది నేను.