రారాజు గోనెపట్ట, నా మూసుకుపోయిన ముక్కు

కళ్ళకు కన్నీటినీ, ముక్కుకు వాసననూ, మూర్ఖుడికి బోలెడంత మంది సాక్షులనూ ఇచ్చిన దేవాదిదేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప ఎంత గొప్పదంటే, ఒక్క సాయంత్రం ఊరు ఊరంతటినీ ఏడిపించిన నన్ను మళ్ళీ ఆ ఊళ్ళోనే బతకనిచ్చాడు. ఆ ఏడ్చినవాళ్ళలోనే ఒకరి మనసు మెత్తబరిచి, పిల్లనిప్పించి పెళ్ళి కూడా చేశాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోర విపత్తు. చదివేవారు పక్కన మజ్జిగ చెంబు పెట్టుకోవడం మంచిది. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఎనభైల నాటి మాట. పర్చూరు దగ్గర పల్లె మాది. కొంత పొగాకు, కొంత పత్తి, మిగిలిన నేలంతా మిరప. నేనప్పుడు మా చర్చి యవ్వనస్థుల కూటమికి కార్యదర్శిని. వాక్యాలు కంఠస్థం చెప్పి గెలుచుకున్న స్టీలు గ్లాసులు మా ఇంట్లో బీరువా మీద బారులు తీరి ఉండేవి. వాటిని చూసుకున్నప్పుడల్లా, ప్రవక్తల వరస ఎక్కడ ఆగిందో అక్కడ దేవుడు నా కోసం ఒక ఖాళీ ఉంచాడని నాకు అనిపించేది.

ప్రవక్త పని ఇంకా దొరకలేదు కనక నాటకాలు వేయించేవాణ్ణి. నా నాటకానికి ఒకటే సూత్రం: సహజత్వం. ఆ సూత్రం ప్రకారమే అంతకుముందు క్రిస్మస్ నాటకంలో నిజం గొర్రెను స్టేజీ ఎక్కించాను. అది మహా సహజంగా ప్రవర్తించింది. కాపరికి పత్తితో అతికించిన గడ్డాన్ని పీకి, మా పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన చేస్తున్నంతసేపూ నెమరు వేసింది. ఆ ప్రార్థనలో ఒక్కరు కళ్ళు మూసుకుంటే ఒట్టు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వనివాడు ఒక్కడే, మా సంఘపెద్ద దానియేలు తాతయ్య. ఎత్తు మనిషి, చేతిలో వెదురు కర్ర, ముఖంలో ఎప్పుడూ ఎండాకాలం. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన పళ్ళు ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరిలో కోత పండగ వస్తోంది. పొలాల్లో తొలిపంట తెచ్చి దేవునికిచ్చి, చర్చి ఆవరణలోనే వేలం వేసే పండగ. ఆ సాయంత్రం నాటకం వేస్తామని అడగడానికి వెళ్ళాను.

"మళ్ళీ గొర్రెను తెస్తావా?" అన్నాడు తాతయ్య.

"లేదు తాతయ్యా. ఈసారి నేనే రాశాను. 'గోనెపట్ట కట్టిన రారాజు'. గర్వంతో కళ్ళు మూసుకుపోయిన రాజు, ప్రవక్త మాట విని సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుని ఏడుస్తాడు. చూసినవాళ్ళు మారుమనస్సు పొందాల్సిందే."

"ఏడుస్తారా?"

"ఏడవకపోతే అడగండి."

తాతయ్య కర్రతో నేల మీద టక్కున కొట్టాడు. "అయితే విను. జనం ఏడిస్తే ఏటా నాటకం వేసుకోండి. నవ్వారా, మీ తెరా, కర్రలూ, రంగులూ అన్నీ గుమ్మడికాయలతో పాటు వేలంలో పెట్టేస్తా. ఇక ఈ ఆవరణలో నాటకం అన్న మాట వినపడకూడదు."

అయ్యగారు మధ్యలో ఏదో సర్దిచెప్పబోయారు గానీ అప్పటికే నేను "సరే!" అనేశాను. ఆలోచించాక మాట్లాడమన్నారు పెద్దలు. నాకు మాట్లాడాకే ఆలోచన వచ్చేది.

వేషాల పంపకం మొదలైంది. ప్రవక్త వేషం ఎవరికన్నది ప్రశ్నే కాదు, నాకే. రాజు వేషానికి మాత్రం దర్జీ మస్తానన్నను అడిగాను. చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాల్లో రాజుగా నిలబడితే, వెనక వరసలో నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి కూర్చునే గొంతు ఆయనది.

"చర్చి నాటకంలో రాజుకి మస్తానా?" అన్నాడు తాతయ్య.

"మనవాళ్ళలో అంత పొగరుగా నడిచేవాడు ఎవడున్నాడు తాతయ్యా?"

"నువ్వున్నావుగా."

మస్తానన్న మాత్రం కుట్టుమిషను ఆపకుండానే ఒప్పుకున్నాడు. "పాపం చేసి, తౌబా అని చెంపలేసుకుని, ఏడవడమే గదా తమ్ముడూ! ఎక్కడైనా ఏడుపు ఏడుపే. గోనెబట్ట కూడా నేనే కుట్టేస్తా."

రిహార్సళ్ళు సాయంత్రాలు బడిగదిలో జరిగేవి. రోజూ కిటికీ బయట వెదురు కర్ర ఒకటి నిలబడేది. దాని వెనక తాతయ్య. నేను "ఓ రాజా!" అని అరిస్తే, బయటి నుంచి గొణుగుడు: "అరుపు గొంతులోంచి కాదురా, కడుపులోంచి రావాలి." నేను తల తిప్పి చూస్తే, "నాకెందుకులే లోకసంబంధమైన గోల!" అని వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ కర్ర కిటికీ దగ్గరే.

పండగ ముందురోజు రిక్షాకు మైకు కట్టించుకుని ఊరంతా తిరిగాను. "రేపు సాయంత్రమే! రాజుగా మస్తానుగారు! ప్రవక్తగా, రచయితగా, దర్శకుడిగా ఆశీర్వాదంగారు!" నాకు నేనే గారు తగిలించుకున్నాను, ఇంకెవరూ తగిలించేట్టు లేరు. "చూసి కంటతడి పెట్టనివారు ఉండరు! చేతిరుమాళ్ళు తెచ్చుకోండి!"

నా జీవితంలో నేను పలికిన ప్రవచనాలన్నిటిలోకీ నెరవేరింది అదొక్కటే.

ఆ సాయంత్రం మస్తానన్న కుట్టిన గోనెపట్ట చూశాను. కొత్త గోనెగుడ్డ. అంచులు మడిచి, మెడ దగ్గర పట్టీ వేసి, ఎంత చక్కగా కుట్టాడంటే పెళ్ళికి కట్టుకెళ్ళొచ్చు.

"ఇది పశ్చాత్తాపంలా లేదన్నా. పట్నం ఫ్యాషన్‌లా ఉంది."

"మరేం చెయ్యమంటావ్? చింపమంటావా?"

"పాత గోతాలు కావాలి. చెమట, మట్టి, మనిషి కష్టం కనపడాలి. సహజత్వం అన్నా, సహజత్వం!"

మస్తానన్న నా వంక చూసి, నోట్లో ఉన్న సూది తీసి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే గుంటూరు వెళ్ళాను. ఇక్కడ మీకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. అప్పటికి వారం రోజులుగా నాకు జలుబు. మామూలు జలుబు కాదు. ముక్కు రెండు వైపులా సిమెంటు పోసి మూసినట్టుంది. పక్కన పచ్చిచేపల బుట్ట పెట్టినా, మల్లెపూల బుట్ట పెట్టినా నాకు ఒకటే.

మా పిన్ని కొడుకు మిరపకాయల కమీషన్ కొట్టులో పనిచేసేవాడు. నేను అడగ్గానే ఒక కట్ట పాత గోతాలు తెచ్చి ముందు పడేశాడు. "అన్నయ్యా, సీజను మొదలైనకాణ్ణించీ వీటిలో కాయలే. బాగా ఉతికించుకో."

"ఉతికితే సహజత్వం పోతుందిరా."

"పోతే పోయిందిలే, ఉతుకు!"

వాడు నవ్వుతున్నాడనుకున్నాను. తుమ్ముతున్నాడు.

కట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను. బస్సు కదిలిందో లేదో, పక్కనున్నాయన తుమ్మాడు. వెనకనున్న ఆవిడ దగ్గింది. చిలకలూరిపేట చేరేసరికి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి బండి నడుపుతున్నాడు. కండక్టరు కళ్ళు తుడుచుకుంటూ టిక్కెట్లు చింపుతున్నాడు. నేను జాలిపడి లేచి నిలబడి, "చలిగాలులు అమ్మా, అందరూ మిరియాల కషాయం తాగండి" అని సలహా ఇచ్చాను.

"ఆ కట్టలో ఏముందయ్యా?" అంది వెనకావిడ.

"పశ్చాత్తాపం" అన్నాను గంభీరంగా.

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చివరి సీట్లోకి మారిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు గానీ, ముక్కు మంచిదైతేనే ఊరు మంచిది. నాకది అప్పటికింకా తెలియదు.

ఊరు చేరేసరికి వేలం సగమైంది. గోతాల కట్టను తెర వెనక పెట్టించి, చేతులు గట్టిగా కడుక్కుని రంగు వేసుకున్నాను. మైకుసెట్టు అతని దగ్గర పెద్ద స్టాండు ఫ్యాను కూడా అద్దెకు తెచ్చాను. రాజు మీదికి దేవుని ఉగ్రత గాలిగా వచ్చే ఘట్టం ఉంది. ఉగ్రత రాజుకే ఎందుకు, జనానికి కూడా తగలాలని ఫ్యానును స్టేజీ లోపలి నుంచి జనం వైపు తిప్పి పెట్టించాను. దీన్నే అంటారు, గోతిని తవ్వి దాంట్లోకి మెట్లు కూడా కట్టడమని.

తెర లేచింది. ముందు వరసలో అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, దానియేలు తాతయ్య. మస్తానన్న మీసం మెలేసి నాలుగు అడుగులు వేసేసరికి ఈలలు. నేను గడ్డంతో ప్రవేశించాను. రాజును గద్దించాను. రాజు వణికాడు. కిరీటం తీశాడు. పై వస్త్రం తీశాడు. భటులు ఇద్దరు గోతాలు తెచ్చి పట్టుకున్నారు.

ఇక్కడ నేను ఒక గొప్ప కల్పన చేశాను. పాత జీవితాన్ని దులిపేసినట్టు, రాజు ఆ గోతాన్ని మూడుసార్లు దులిపి మరీ కట్టుకోవాలి.

"దులుపుము రాజా! నీ గర్వమును దులుపుము!" అన్నాను.

మస్తానన్న దులిపాడు. ఫ్యాను తిరిగింది.

ఎర్రటి మబ్బు ఒకటి లేచి, మెల్లగా, భక్తిగా, జనం వైపు సాగిపోయింది.

నేను ఫ్యాను వెనక ఉన్నాను. ముక్కు సరేసరి. కాబట్టి నాకు కనపడింది ఒక్కటే: ముందు వరసలో అమ్మగారు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండో వరస వెక్కింది. మూడో వరస కుమిలిపోయింది. చాపల మీద కూర్చున్న పిల్లలు బావురుమన్నారు. ప్రభువా, నా డైలాగుల్లో ఇంత శక్తి ఉందా! నా కళ్ళు ఆనందంతో చెమర్చాయి. నేను రెండు చేతులూ పైకెత్తి, "ఏడువుడి! ఇంకనూ ఏడువుడి!" అని గర్జించాను.

"ఏడుస్తూనే ఉన్నాం గదరా, ఫ్యాను ఆపు!" అని చీకట్లోంచి ఎవరో అరిచారు.

ఉగ్రతను తట్టుకోలేని పాపి ఎవడో అనుకున్నాను.

మస్తానన్న గోతం ఒంటికి చుట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆయన కళ్ళు గుండ్రంగా అయ్యాయి. స్క్రిప్టులో ఉన్న మాట, "ప్రవక్తా, నా హృదయము మండుచున్నది." ఆయన అన్నది, "నాయనోయ్, నా వీపు మండుతోంది!"

"హృదయం అన్నా, హృదయం" అని గడ్డం చాటు నుంచి అందించాను.

"హృదయం కాదు తమ్ముడూ, వీపు! వీపంతా!"

మస్తానన్న ఎగిరాడు. గిరగిరా తిరిగాడు. తిరిగినకొద్దీ ఇంకా దులుపుడయింది. భటులిద్దరూ గోతాలు వదిలేసి ఒకరి కళ్ళు ఒకరు ఊదుకుంటున్నారు. అయినా ఆ మహానటుడు చివరి ఘట్టం వదల్లేదు. క్షమాపణ పొందిన రాజును ప్రవక్త కౌగిలించుకోవాలి. ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను కరుచుకుని, నా ముఖాన్ని తన రొమ్ము మీది గోతానికి అదిమిపట్టాడు.

అద్భుతం జరిగింది. వారం రోజులుగా మూసుకుపోయిన నా ముక్కు, ఎర్ర సముద్రం పాయలైనట్టు, రెండుగా తెరుచుకుంది.

ఆ తర్వాత నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య "గుంటూరు... గోతాలు... మిరపకాయలు..." అని మైకులో ఒప్పుకున్నానట. పెట్టుడు గడ్డం తుమ్ముతో పాటు ఎగిరి అయ్యగారి ఒళ్ళో పడింది. మస్తానన్న స్టేజీ మీది నుంచి నేరుగా పక్కనున్న నీళ్ళ తొట్టిలోకి దూకి, తల బయటపెట్టి, "అయ్యగారూ, ఇది బాప్తిస్మం లెక్కలోకి రాదుగా? మా ఆవిడ ఊరుకోదు!" అన్నాడు.

అంతే. ఏడుస్తున్న ఊరు నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నోళ్ళు నవ్వుతూనే ఉన్నాయి. అమ్మగారు విందు కోసం చేయించిన మజ్జిగ కడవలు మోయించుకొచ్చి, రాజుకూ ప్రవక్తకూ వీపులకు పూయిస్తుంటే ఇంకా నవ్వు.

నాకు మాత్రం తాతయ్య మాట గుర్తొచ్చింది. జనం నవ్వారు. మాట ప్రకారం తెరా, కర్రలూ వేలానికి వెళ్ళిపోతాయి. ఇంకెప్పుడూ మా ఊళ్ళో నాటకం ఉండదు. ఇదంతా నా సహజత్వం చేసిన పని.

దానియేలు తాతయ్య లేచాడు. కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. కర్రతో నేల మీద కొట్టాడు. నవ్వులు ఆగిపోయాయి.

"అయ్యగారూ, జనం ఏడ్చారా?"

"ఏడ్చారండీ, ఇంకా ఏడుస్తున్నారు."

"నవ్వారా?"

అయ్యగారు అబద్ధం చెప్పలేని మనిషి. "నవ్వారండీ. నేను కూడా."

"ముందు ఏది?"

"ఏడుపేనండీ."

"అయితే సరే. ముందు ఏడ్చి తర్వాత నవ్వడం వాక్యానుసారమే." అంటూ ఇంకేదో చెప్పబోయి, తొట్టిలో మజ్జిగ పూసుకుని కూర్చున్న రారాజును చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. తుమ్ము అనుకున్నాం. కాదు. కర్ర పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. ఎన్నేళ్ళకో ఆయన పళ్ళు బయటపడ్డాయి, అన్నీ ఉన్నాయి.

నవ్వు ఆగాక గొంతు సవరించుకున్నాడు. "నాటకం ఏటా ఉంటుంది. కాకపోతే వేషాలు నేను చెప్తా. వచ్చే ఏడాది కూడా రాజు మస్తానే. గోనెపట్ట మస్తాను కుట్టిందే. ఆశీర్వాదం బండరాయి."

"బండరాయా తాతయ్యా?"

"ప్రవక్త ఎక్కి నిలబడే రాయి. మాట్లాడదు, కదలదు, గుంటూరు వెళ్ళదు."

"మరి ప్రవక్త ఎవరు?"

తాతయ్య ఆకాశం వంక చూశాడు. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ముసలి గొంతైతే ప్రవక్తకు బాగుంటుందని... అంటే, ఎవరైనా అడిగితే... నాకెందుకులే లోకసంబంధమైన గోల."

మజ్జిగ కారుతున్న మస్తానన్న తొట్టిలోంచి చేతులు జోడించాడు. "అడుగుతున్నాం పెద్దయ్యా!"

మరుసటి ఏడు దానియేలు తాతయ్య ప్రవక్తగా నా వీపు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఫ్యాను లేదు, ఘాటు లేదు. ఆయన కడుపులోంచి పిలిచిన ఆ పిలుపుకు జనం మళ్ళీ ఏడ్చారు. దుప్పటి కింద రాయి కూడా ఏడ్చింది. అంత సహజమైన బండరాయిని తాము ఎక్కడా చూడలేదని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఎట్టకేలకు నాకు సహజత్వం కుదిరింది.

కాబట్టి, ఆకాశం, భూమి, పర్చూరు బస్సు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఉతకని గోతాన్ని ముట్టను. జలుబు ఉండగా దర్శకత్వం వహించను. జనం ఏడుస్తుంటే అది నా గొప్పే అనుకోను; ముందు ఫ్యాను ఎటు తిరిగి ఉందో చూస్తాను.

చదివినవారు దయచేసి నాతో పాటు ఒక్క క్షణం తల వంచండి. ప్రభువా, మా మస్తానన్న వీపును, మా తాతయ్య నవ్వును జ్ఞాపకం చేసుకో. మా ముక్కులు మూసుకుపోయిన రోజున మా నోళ్ళు కూడా మూసి ఉంచు. ఆమేన్.