మా అత్త నాకు ఎంచిన గ్రూపు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను గుత్తిలో, పనిచేసే బడిలో, పానిపట్టు యుద్ధం పాఠం చెబుతున్నాను. మా ఊరి బస్సు కండక్టరు బడి దాకా వచ్చి చెప్పి వెళ్లాడు. సెలవు అడిగితే హెడ్మాస్టరు, మేనత్తే గదా, సాయంత్రం వెళ్లకూడదా అన్నారు. నేను అప్పుడే బయలుదేరాను. బస్సులో ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచి కూడా రాస్తాను.

మా నాయనకు ఆమె పెద్దక్క. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పొలానికి పోతే నన్నూ చెల్లెల్నీ పెంచింది ఆమే. శనక్కాయలు వలుస్తూ నాచేత పాఠాలు పైకి చదివించుకునేది. నేను ఆగితే, ఆపినావేమి అనేది. నీళ్లకు కటకటగా ఉన్న ఎండాకాలాల్లో, పరీక్షకు మురికి మొహంతో పోకూడదని తన స్నానం నీళ్లు నాకు పోసేది.

ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను. అనంతపురం కాలేజీలో పి.యు.సి.కి ఏ గ్రూపు కావాలో ప్రిన్సిపాలు ఎదుట నిలబడి చెప్పాలి. నాకు డాక్టరు చదువు కావాలి, అంటే సైన్సు. చిక్కల్లా బస్సుతో. ఆర్ట్సు క్లాసులు తొందరగా అయిపోతాయి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరవచ్చు. సైన్సువాళ్లకు పొద్దుగూకేదాకా ప్రాక్టికల్సు. హాస్టల్లో ఉండక తప్పదు.

మా నాయన ఏ సంగతైనా దేవుడినే అడుగుతాడు. తెల్ల గన్నేరు ఒక ఆకులో, ఎర్ర గన్నేరు ఇంకో ఆకులో చుట్టి దేవుడి ముందు పెడతారు. పొట్లాలు కట్టేది అత్త, ఒకటి తీసేది నాయన. బావి ఎక్కడ తవ్వాలో కూడా అలాగే అడిగాడు. తవ్వించిన బావుల్లో ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు. అయినా నా చదువునూ ఆ పొట్లాలకే అప్పగించాడు. తెల్లది వస్తే సైన్సు, ఎర్రది వస్తే ఆర్ట్సు. ఎర్రది వచ్చింది. ప్రిన్సిపాలు ఎదుట నాయన "హిస్టరీ" అంటే నేను తల వంచుకుని నిలబడ్డాను.

కాలేజీ తెరిచిన రోజు నన్ను బస్సెక్కించడానికి అత్త వచ్చింది.

"రెండిట్లోనూ ఎర్రపూలే పెట్టినా పాపా," అంది మెల్లగా. "తెల్లది వచ్చింటే నిన్ను హాస్టలుకు పంపుతాడనుకున్నావా మీ నాయన? సదువు మాన్పిచ్చి చిలమత్తూరు సంబంధం చేసేస్తానని నాతో అన్నాడు. ఏదో ఒకటి సదువుకో."

బస్సు కదిలింది.

ఆమె లెక్క తప్పని నేననను. ఆమె పొట్లాలు అలా కట్టకపోతే నేను చిలమత్తూరులో ఎవరి వంటింట్లోనో ఉండేదాన్ని. ఈ ఉద్యోగం ఆమె పెట్టిన భిక్షే. కానీ ముందే చెప్పి ఉంటే నాయనతో పోట్లాడేదాన్ని. నేను ఓడిపోతానని ఆమే తేల్చేసింది. అది నేను క్షమించలేదు.

ఊరు చేరాక అమ్మ అసలు సంగతి చెప్పింది. అత్తకు చాలాకాలంగా రొమ్ములో గడ్డ. పసుపు పట్టు వేసుకుంటూ దాచుకుంది. ఆసుపత్రికి పోదామంటే, మగ డాక్టర్లకు చూపించుకునే కర్మ తనకొద్దందట. ఎవరికైతే చూపించుకునేదో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే ఆ శవం ముందు కూర్చుని కూడా పళ్లు కొరుక్కున్నాను.

కర్మలన్నీ ముగిశాయి. చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. ఈ యేడే ఎస్.ఎస్.ఎల్.సి. పాసైన చెల్లెలి గ్రూపు మాట వచ్చింది. నాయన నావైపు తిరిగి, అత్త లేదు కాబట్టి పొట్లాలు నన్ను కట్టమన్నాడు.

"నేను కట్టను నాయనా," అన్నాను. "ఆ పొద్దు నీకు దేవుడు సెప్పలేదు. రెండిట్లోనూ అత్త ఎర్రపూలే పెట్టింది. ఈసారి చెల్లెల్నే అడుగు."

నాయన మొహం పాలిపోయింది. అందరూ నన్ను కసురుతుండగానే పెరట్లోంచి చెల్లెలు వచ్చింది.

"సైన్సు," అంది. "హాస్టల్లో ఉంటా."

గిన్నెలు తోముతూ వచ్చినట్టుంది, దాని మోచేతుల నుంచి బూడిద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నాయన కళ్లలోకి చూస్తూ, జవాబు కోసం అలాగే నిలబడింది.