గంట మోగని ఆట

రాబర్ట్‌సన్‌పేటలో ఒక నర్సరీ బడిలో టీచరుగా చేరిన రెండో వారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, పిల్లల తలలు లెక్కపెడితే పద్దెనిమిది వచ్చాయి. ఉండాల్సినవి పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే.

ఆ రోజు ఆట పేరు 'అడవి'. చిన్నపిల్లల ఆటకు మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ముందు తలల లెక్క, తర్వాత నియమం, చివర ముగింపు సంకేతం. లెక్క చూశాను. నియమం చెప్పాను: ఒక్కొక్కరూ ఒక్కో జంతువు, నేను గంట కొట్టేదాకా ఎవరూ మనుషుల మాట మాట్లాడకూడదు. ఆట మధ్యలో హెడ్‌మిస్ట్రెస్ పిలిపించారు. పిల్లల్ని ఆయా సరోజమ్మకు అప్పగించి, చేతిగంటను నా హ్యాండ్‌బ్యాగులో పడేసి వెళ్లాను. పది నిమిషాల్లో తిరిగొచ్చాను.

కనబడనివాడు నాలుగేళ్ల చరణ్. పదకొండున్నరకు వాడి తాత నారాయణప్ప కామసముద్రం నుంచి స్కూటరు మీద వస్తాడు. ఆయనకేం చెప్పాలి?

"యాడికి పోతాడమ్మా? గేటుకు నేనే బీగం వేసినాను," అంది సరోజమ్మ. నిజమే. కానీ మా ఊళ్లో పిల్లవాడు కనబడకపోతే మొదట గుర్తొచ్చేవి మూతబడిన పాత బంగారు గనుల గుంతలే. నాకూ ఇంట్లో రెండేళ్లవాడున్నాడు.

పిల్లల్ని అడిగాను. "చరణ్ ఎక్కడ, బంగారూ?"

"మ్యావ్," అంది లావణ్య.

"నువ్వు చెప్పు నాన్నా."

"బౌ బౌ."

చూపించమంటే ఏనుగు నాలుగు దిక్కులకూ తొండం ఊపింది.

"బాగుండే పిల్లోళ్లని మీరే గొడ్లని చేసి పెట్టినారు," అంది సరోజమ్మ.

బాత్‌రూము, జారుడుబల్ల కింద, చివరికి నీళ్ల డ్రమ్ములో కూడా వెతికాం. ఇంతలో స్కూటరు ఆగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నారాయణప్ప తొణకలేదు.

"మావోడు ఏం గొడ్డమ్మా?"

"దూడ."

"దూడని పేరు పెట్టి పిలిస్తే వస్తాదా యాడన్నా?" అని గది మధ్యలో నిలబడి, పాలు పితికే వేళ దూడను పిలిచినట్టు "బా... బా... బా" అన్నాడు.

చాపల అలమర నుంచి "అంబా" వినిపించింది. ఆటకు చోటు కోసం సరోజమ్మ అంతకుముందే చాపలన్నీ చుట్టి దాని ముందు నిలబెట్టి ఉంది. వాటి వెనక, అడుగు అరలో, చరణ్ మోకాళ్ల మీద ఉన్నాడు.

"కొట్టంలోనే ఉండాడు కదమ్మా. ఇంత గాబరా ఎందుకు?" అంటూ నారాయణప్ప మనవణ్ణి ఎత్తుకుపోయాడు. స్కూటరు మలుపు తిరిగేదాకా "అంబా" వినిపిస్తూనే ఉంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. "ఏం మిస్, గ్లాసులో పాలిస్తే వద్దంటాది, అన్నం తినే తట్టలో పోస్తే నాకి తాగతా ఉండాది," అంది లావణ్య తల్లి. ఏనుగు గారి ఇంట్లో బకెట్టు నీళ్లు గోడలకెక్కాయట. నాలుగో ఫోను మోగినప్పుడు తీయబోతూ హ్యాండ్‌బ్యాగులో చేయి పెడితే, లోపల గంట గణగణమంది.

ఆ ఉద్యోగం నాలుగేళ్లు చేసి, రెండో కాన్పుకు మానేశాను. నేర్చుకున్నది ఇంతే: పిల్లలు మాట వినరనడం అబద్ధం. వాళ్లు వింటారు, చెప్పినవాళ్లం మరిచిపోతాం. ఆట ఆపడం వేరు, ముగించడం వేరు.

ఆ ఫోన్లు వచ్చిన మర్నాడు ఉదయం, తలల లెక్క కంటే ముందు, గంట కొట్టి చెప్పాను: "ఆట అయిపోయింది పిల్లలూ. ఆలస్యం నాదే. ఇంక అందరూ మనుషులు కావచ్చు."