టీచరమ్మ ఇంటి పెంకులు

మా ముత్తాత జగన్నాథ భూపతి గారు నాగులగెడ్డ జమీందారు. కొండ కింద ఊళ్లన్నీ ఆయన మాట మీద నడిచేవి. మా తాత గారి హయాంలో దివాణం ముందు నగారా మోగితే గాని దీపాలు వెలిగేవి కావు. మా నాన్నగారి నాటికి ఊళ్లు పోయాయి, నగారాకు చిల్లు పడింది, దివాణం సగం కూలింది. అయినా ఆయన ఇస్త్రీ పంచె కట్టకుండా వీధి గుమ్మంలోకి రాలేదు. నాకు దక్కినవి నిటారుగా నిలిచే వెన్ను, ఒక పల్లకీ. వీళ్లెవరి చేతులకూ తడి పెంకు మీది నాచు వాసన అంటి ఉండదు. ఈ ఉదయం నా చేతులకు అంటింది. సబ్బుతో కడిగినా పోలేదు. అన్నం కలుపుకోబోతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి, ఎస్తేరు టీచరమ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

అరకులో కాఫీ గింజలు కొనే ఒక కంపెనీకి మేనేజరుగా వచ్చిన కొత్తలో పొద్దున్నే నడిచేవాణ్ని. ఒకరోజు హుకుంపేట రోడ్డు వదిలి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఎర్రమట్టి బాట పట్టాను. మంచు విడుతుంటే ముందు ఒక పొగగొట్టం కనబడింది. తరువాత కోసుగా లేచిన పెంకుల కప్పు, చూరు పొడవునా లేసు అల్లినట్టు చెక్కిన కర్రపని, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన అద్దాల కిటికీ, అందులో ఎరుపు, నీలం గాజు పలకలు. విక్టోరియా రాణి కాలంలో ఎవరో దొర కట్టించుకున్న ఇల్లది. కూలిపోతున్న ఇంట్లో పెరిగినవాడికి నిలబడి ఉన్న ఇంటి విలువ ఒక్క చూపులో తెలుస్తుంది. ఇది నా ఇల్లే, పొరపాటున ఇంకెవరి పేరనో ఉంది అనిపించింది. మర్నాడూ వెళ్లాను. ఆ తరువాత రోజూ వెళ్లాను.

"ఏటి బాబూ, రోజూ గేటు కాడ నిలబడి సూత్తన్నావు? ఇదేటి సినిమా హాలా?"

జామచెట్టు కింద సామలు చెరుగుతున్న పెద్దావిడ అడిగింది. తెల్లచీర, మెడలో శిలువ, తాడు కట్టిన కళ్లజోడు. ఊరి బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఎస్తేరు టీచరమ్మ. ఆమె తల్లి ఆఖరి దొరసానికి వంట చేసి పెట్టేది. ఆ దొరసాని దేశం విడిచి పోతూ ఇల్లు ఆ తల్లి పేర రాసిపోయింది.

నేను వంశం పేరు చెప్పుకుని, ఇల్లు అమ్ముతారా అని అడిగాను. ఆమె చేట పక్కన పెట్టి మరీ నవ్వింది.

"ఏజెన్సీలో భూమి గిరిజనులమే కొనాల, బాబూ. అది సట్టం. నెత్తి మీద కిరీటం ఉన్నా నీకు కుదరదు."

"పోనీ అద్దెకివ్వండి."

"అద్దెందుకు, గది కాళీగానే ఉంది. ఉండు. ఒకటే మాట. ఈ కప్పు కింద పడుకున్నోళ్లంతా వానలకి ముందు పెంకులు అందియ్యాల. మా అమ్మ పెట్టిన రూలు. పాస్టరుగారు కూడా అందించినారు."

ఒప్పుకున్నాను. అద్దాల కిటికీ గది నాదైంది. తెల్లవారితే మంచం మీద ఎర్రటి వెలుగు, నీలి వెలుగు పక్కపక్కన పడేవి. నా జీవితంలో అంత హాయిగా నేనెక్కడా నిద్ర లేవలేదు. ఒక సాయంత్రం వరండాలో కాఫీ తాగుతూ, మా ముత్తాత గారు ఈ కొండలకు పల్లకీలో వచ్చేవారని, ఆయన పాదానికి ఇక్కడి మట్టి అంటలేదని చెప్పాను.

"తెలుసు. మోసింది మా తాతలే," అంది టీచరమ్మ. "బరువని సెప్పీవోడు మా తాత. మనిషి కాదంట, ఆ దిండ్లు."

వైశాఖం చివర పెంకుల రోజు వచ్చింది. ఊరివాళ్లంతా వచ్చి వరసగా నిలబడి, పెంకులు చేతి నుంచి చేతికి దించి, నాచు గీకి, మళ్లీ అదే వరసలో పైకి అందిస్తారు. నేను సంతలో సింహాచలం అనే కూలీని మాట్లాడి, నా బదులు నిలబడమని పంపి, ఆఫీసుకు వెళ్లిపోయాను. మా ఇంట్లో పనులు ఎప్పుడూ అలాగే జరిగేవి. నాకందులో వింతేమీ తోచలేదు.

మధ్యాహ్నం వచ్చేసరికి కప్పు సగం విప్పి ఉంది. వరస చెదిరి అందరూ పనసచెట్టు నీడన కూర్చున్నారు. సింహాచలం నా గదిలో, నా కిటికీ దగ్గర, నా కుర్చీలో కూర్చుని నా కప్పులో కాఫీ తాగుతున్నాడు. అతని తువ్వాలు నా కొక్కేనికి వేలాడుతోంది.

"ఏమిటిది?" అన్నాను.

"నీ బదులొచ్చినోడు నీ బదులు కూకున్నాడు," అంది టీచరమ్మ తొణక్కుండా. "పడుకోడం కూడా ఆడే పడుకుంతాడు. నువ్వు లాడ్జి సూసుకో."

సింహాచలం కంగారుగా లేవబోయాడు.

"కూకో నాయినా, నీ గదే," అందామె.

చెట్టు కింద ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాజుగారి నడుం వంగదేమోలే, టీచరమ్మా. పుట్టినప్పుడే బద్ద కట్టీసుంటారు."

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. పెట్టె సర్దుకుంటే సాయంత్రం బస్సుకు విశాఖ చేరవచ్చు. గదిలోకి అడుగు కూడా పెట్టాను. కిటికీలో ఆ ఎరుపు, నీలం పలకలు మెరుస్తున్నాయి. కప్పు విప్పిన చోట ఆకాశం కనబడుతోంది. ఒక్క వాన పడితే గది మిగలదు. చొక్కా చేతులు మడిచి బయటికి వచ్చి, నన్ను వెక్కిరించినావిడ పక్కనే నిలబడ్డాను.

"ఇటూ అటూ సూడకు," అంది టీచరమ్మ నిచ్చెన దగ్గర నుంచి. "వచ్చింది అందుకో, పక్కోళ్లకియ్యి. బేగి."

మొదటి పెంకు నా తెల్లచొక్కాకు పచ్చటి ముద్ర వేసింది. కాసేపటికి సింహాచలం కూడా వచ్చి నాకు అవతల నిలబడ్డాడు. పొద్దు వాలేసరికి కప్పు నిండింది, నా నడుం మాత్రం లేవనంది. వంగి నడుస్తూనే వెళ్లి అందరితో పాటు నేల మీద కూర్చుని చోడి అంబలి తాగాను. టీచరమ్మ నా గిన్నెలో మరో గరిటె పోసి, "దొరికిందా నడుం?" అంది.

ఆమె ఇప్పుడు లేదు. ఇంటి వెనక కాఫీ తోటలో సమాధి ఉంది. ఇల్లు ఆమె మేనకోడలు రూతుది. రూలు అదే, నా గదీ అదే. ఇల్లు నాది కాలేదు, కాదు కూడా. అయినా పెంకుల రోజున వరసలో నా చోటు ఎవరూ తీసుకోరు. ఆలస్యమైతే ఊరంతా గేటు దాకా వచ్చి "రాజుగారో" అని కేకేస్తుంది. ఎక్కడైనా నలుగురు వరసగా నిలబడి ఏదైనా అందించుకుంటుంటే, పక్కన ఎవరున్నారని చూడకుండా నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి.

నిరుడు కోతులు కప్పు ఎదర భాగమంతా పగలగొట్టాయి. కొత్త పెంకులు కొనవలసి వచ్చింది. మా పల్లకీని విశాఖలో ఒక హోటలు వాళ్లకు అమ్మేశాను. దిండ్లతో సహా.