అద్దెవాడి నాణెం

రోము చక్రవర్తులను జేబులో వేసుకుని సిటీ బస్సులో ఊరంతా తిప్పినవాడు ఈ భూమ్మీద మా తాతయ్య ఒక్కడే. వాళ్ళలో ఒక్కడికీ టికెట్టు కొట్టలేదు.

ఉద్యోగమంతా కండక్టరుగానే చేశాడు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయినా, కుడి బొటనవేలు మాత్రం రాటుదేలింది. చెల్లని బిళ్ళ చేతిలో పడితే మొహం కూడా తిప్పకుండా వెనక్కిచ్చేవాడు. ఆ వేలే ఆయన్ని పాత రోము వెండి నాణేల పిచ్చిలోకి దింపింది. నకిలీది సబ్బుబిళ్ళలా జారుతుందట, అసలుది ఎంత అరిగినా చర్మానికి ఆనుతుందట. వాటిమీది అక్షరాలు ఆయనకూ రావు, నాకూ రావు. అందుకని పోలికలు చూసి చక్రవర్తులకు మా చుట్టాల వరసలు పెట్టుకున్నాడు. కొక్కెం ముక్కాయన పెద్ద మామయ్య, మెడ మూడు మడతలు పడినాయన అల్లుడు, అంటే మా నాన్న. ఆ సంగతి నాన్న చెవిన వేసిన పుణ్యం నాదే. నాణేల డబ్బాను అమ్మమ్మ సవతి అనేది. గడ్డాలున్న సవతి.

ఆ డబ్బాలో ఒక్కడే తక్కువ. గద్దె మీద మూడు నెలలే కూర్చున్న వాడు. వాడికి తాతయ్య పెట్టిన పేరు అద్దెవాడు. వాడి నాణెం దొరకడం గగనం.

మొన్న నాణేల కొట్టు ముసలాయన దగ్గర్నుంచి కబురొచ్చింది, అద్దెవాడు దొరికాడని. కొట్టు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు చెడిపోయింది. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని మలుపు మలుపుకీ కూలబడుతూ, ఆయాసపడుతూ ఎక్కాడు.

నాణెం గుడ్డమీద పెట్టి ముసలాయన, "నీ వేలు ఒప్పుకుంటేనే ఇస్తా బావా," అన్నాడు.

తాతయ్య కుడి వేలితో రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. చెయ్యి మార్చి చూశాడు. షుగరుతో ఆయన వేళ్ళు మొద్దుబారిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమధ్య పొగలు కక్కే కాఫీ గ్లాసు తాపీగా పట్టుకున్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. చివరికి నాణెం నా వైపు తోశాడు.

"నువ్వు చూడవే."

చూశాను. జారలేదు, వేలికి ఆనింది. "అసలుదే తాతయ్యా," అన్నాను.

ఆయన దాన్ని అరచేతిలో చాలాసేపు ఉంచుకున్నాడు. తర్వాత గుడ్డమీద పెట్టేసి, ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పి లేచాడు.

గోడ పట్టుకుని దిగుతుంటే నేను ఊరుకోలేదు. "ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, అసలుదని తేలాక వదిలేస్తావేం?"

"తెలిసింది నీ వేలికి, నాకు కాదు. నోరు మూసుకుని భుజం ఇటివ్వు, ఇంకో అంతస్తుంది."