ఖాళీ బండి నిజం చెప్పదు

మా అబ్రహాం మావకి ఖాళీ బండి మీద బొత్తిగా నమ్మకం లేదు. మనుషులు ఎక్కని బండి తన రోగం బయటపెట్టదని ఆయన సిద్ధాంతం. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో ఆయన షెడ్డుకి వచ్చిన కారు ఏదైనా సరే, బ్రేకులు బిగించినా బల్బు మార్చినా, వెనక సీట్లో జనాన్ని వేసుకుని ట్రయలు చూస్తే గాని తాళం చేతికివ్వడు. ఆ జనానికి ఆయన పెట్టిన పేరు ‘లోడు’.

“బల్బు మార్చడానికి లోడెందుకు మావా?” అని ఒకసారి అడిగాను.

“మనుసులెక్కితే బండికి బయ్యముంటాది మేస్టారూ. సక్కగా ఎలుగుతాది,” అన్నాడు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ సూత్రం మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

ఊళ్ళో ఆయన లోడు కథలకి లెక్కలేదు. ఒకసారి నరసింగరావు గారు తన కారు కోసం షెడ్డుకి వస్తే కారు లేదు. వెతుక్కుంటూ బస్టాండు దాకా వెళితే కారు కనబడింది. అందులో ఆయన భార్య రాజకుమారి గారు కూర్చుని ఉన్నారు.

“నువ్విక్కడేటి సేస్తన్నావే?”

“నాకేటి తెల్సు? కూరగాయలకని వచ్చినాను. అబ్రహాము లోడు తగ్గిందన్నాడు, ఎక్కినాను.”

ఆయన్ని కూడా ఎక్కించుకున్నాక గాని ట్రయలు పూర్తి కాలేదట.

అబ్రహాం మావ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన చెవులు పాము చెవులు. నట్టు కింద పడితే చప్పుడు విని అది పది నంబరో పన్నెండో చెప్పేస్తాడు. మేము ఉండేది షెడ్డు పక్క వాటాలోనే. వంటింట్లో మా ఆవిడ అనూరాధ నన్ను గొణుగుతూ తిట్టుకుంటే, గోడ అవతల నుంచి “నిజమే తల్లీ” అని వినబడేది.

అలాంటి మనిషి చేతిలో కిందటేడు నా కారు పడింది. వేసవి సెలవుల్లో విజయనగరం వెళ్ళినప్పుడు అక్కడొక పెద్ద వర్క్‌షాపులో ముందు చక్రాలకి బ్రేకు ప్యాడ్లు, డిస్కులు కొత్తవి వేయించాను. మర్నాటి నుంచే బ్రేకు తొక్కితే కీచుమని ఒకటే గోల. పైగా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు బండి బరువుగా నడిచేది. మళ్ళీ తీసుకెళితే ప్యాడ్లు మార్చారు. మూడోసారి వెళితే ప్యాడ్లని నొక్కే కాలిపర్ మార్చారు. ఇక మార్చకుండా మిగిలింది డ్రైవరు ఒక్కడే అనిపించి, తిన్నగా కోటబొమ్మాళి తెచ్చేశాను.

అబ్రహాం మావ మొదట నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని, జ్వరం చూసినట్టు చెయ్యి వెనక్కి తిప్పి తాకాడు. ముందు కుడి చక్రం దగ్గర చెయ్యి చటుక్కున తీసేశాడు. జాకీ ఎత్తి తిప్పితే ఆ చక్రం తిరగలేదు. కాలిపర్ వెనక ఆయిలు వదిలే చిన్న నిప్పిలు కొంచెం వదులు చేశాడు. నాలుగు చుక్కలు ఆయిలు చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది.

“రబ్బరు పైపు లోపల వాసిపోనాది మేస్టారూ. తొక్కితే ఆయిలు ఎల్తన్నాది, ఒగ్గేస్తే తిరిగి రాట్నేదు. మీ ఇంటికొచ్చిన సుట్టం లాగ, లోపలికి రాడమే గాని బయిటికి పోడం నేదు.”

శనివారానికి పైపు మారింది, బండి తేలికపడింది. కీచు మాత్రం పోలేదు.

“మంగలారం ట్రయలు సూసి ఇస్తాను,” అన్నాడు.

“ఇవాళే చూడొచ్చుగా?”

“మంగలారం గాని లోడు దొరకదు.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆదివారం పెళ్ళికి బస్సులో నిలబడి వెళ్ళామేమో, సోమవారం అనూరాధ నాతో మాట్లాడటం మానేసింది. నాకో అనుమానం కూడా ఉంది. ఆయన షెడ్డులో బండ్లన్నీ మంగళవారమో శుక్రవారమో మాత్రమే బాగవుతాయి. తిరిగొచ్చేటప్పుడు మీటరు పాతిక కిలోమీటర్లు పెరిగి ఉంటుంది. మన బండ్లు పెట్టుకుని ఈయన టాక్సీ నడుపుతున్నాడని తేల్చుకున్నాను.

మంగళవారం తెల్లారగానే షెడ్డు ముందు నిలబడ్డాను. “ఇవాళ నేనూ లోడే మావా!”

ఆయన ముఖం వాడింది. నసిగాడు, తల గోక్కున్నాడు, చివరికి “ఎక్కండి” అన్నాడు.

బండి ఒక సందు మొదట్లో ఆగింది. అరవై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి, ఉబ్బిన కాళ్ళతో నెమ్మదిగా వచ్చి వెనక సీట్లో ఎడంవైపు కూర్చుంది. కూర్చోవడం అంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా కూర్చుంది. ఆవిడ పేరు జగ్గమ్మ. అబ్రహాం మావ ‘అప్పా’ అంటాడు, అక్కా అని.

“ఇంత లేటేటిరా? నాకు పన్లుండవేటి?”

“ఆఁ? ఏటప్పా?” అన్నాడు అబ్రహాం మావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

నేను ఆయన వంక వింతగా చూశాను.

“సెవిటోడా! లేటేటని అడగతన్నాను!” అని ఆవిడ అరిచి, నాతో అంది, “సుత్తి దెబ్బలకి ఈడి సెవులు పోనాయి బావూ. నాను ఇని సెప్పకపోతే బండి బాగు సెయ్యలేడు.”

బండి టెక్కలి రోడ్డెక్కింది. ఆయన బ్రేకు తొక్కాడు. కీచుమంది.

“ముందేనా అప్పా?”

“ముందు కాదురా, ఎనక. నా కిందే ఏడస్తన్నాది.”

మూడుసార్లు విప్పి బిగించిన పెద్ద వర్క్‌షాపు వాళ్ళూ, ముందు సీట్లో కూర్చుని నడిపిన నేనూ వెనక చక్రాల గురించి ఆలోచించనే లేదు.

టెక్కలి ఆస్పత్రి దగ్గర జగ్గమ్మ దిగింది. “నాలుగ్గంటలు పడతాది. ఈలోగా ఆ ఎడం సక్రం సంగతి సూసి ఉంచు,” అని ఆర్డరేసి లోపలికి వెళ్ళింది.

అబ్రహాం మావ చెట్టు నీడలో వెనక చక్రం విప్పాడు. డ్రమ్ము నిండా బ్రేకు పొడి. దాన్ని తుడుస్తూ నా వైపు చూడకుండా చెప్పాడు.

“కిడ్నీలు పోనాయి మేస్టారూ. వారానికి రెండుసార్లు డయాలసిస్. బస్సెక్కి రాలేక నిరుడు మానీసినాది. బండి ఎట్టి తీసుకెల్తామంటే, నానేటి ముష్టిదాన్నా అని పాల్ పాస్టరు గారినే గుమ్మంలోంచి తరిమీసినాది. కాళ్ళు వాసిపోనాయి, మంచం దిగనేదు. అప్పుడెల్లి సెప్పినాను, నాకు సెవుడొచ్చీసినాది, సాయం సెయ్యకపోతే షెడ్డు మూసీడమే అని. మర్నాడే సంచి అట్టుకుని వచ్చీసినాది.”

“మరి మిగతా లోడు?”

“ఆవిడొక్కర్తినే ఎక్కించుకుంటే కనిపెట్టీదు కాదా? అందుకే ఊరందర్నీ ఎక్కిస్తన్నాను.”

నాకు సిగ్గేసింది. టాక్సీ అనుకున్నందుకు లెంపలేసుకోవాలనిపించింది. పక్కన కూర్చుని ఆ డ్రమ్ము కాసేపు నేనూ తుడిచాను. వచ్చేటప్పుడు బండి చప్పుడు లేకుండా వచ్చింది. జగ్గమ్మ నీరసంగా కళ్ళు మూసుకునే, “అద్గదీ,” అంది.

తర్వాత నెలలో ఒక సోమవారం సాయంత్రం షెడ్డులో ఒక్క కారూ లేదు. అబ్రహాం మావ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ రోడ్డు వంక చూస్తున్నాడు. ఎవరినైనా బండి అడిగి తెస్తే, రిపేరుకి రాని బండని ఆవిడ పట్టేస్తుంది. పట్టేసిందా, మళ్ళీ మంచమే. ఆయన భయం అదే, ఇప్పుడు నాదీ అదే.

నేను ఇంట్లోంచి కారు తీసి షెడ్డులో పెట్టాను. “మావా, బ్రేకు మళ్ళీ కీచుమంటోంది.”

ఆయన చెయ్యి వెనక్కి తిప్పి నాలుగు చక్రాలూ తాకాడు. నాలుగూ చల్లగా ఉన్నాయి. నా ముఖం కేసి కాసేపు చూశాడు.

“అవును మేస్టారూ, పెద్ద రిపేరే. రేపు లోడెయ్యాల.”

మర్నాడు నేనూ ఎక్కాను. సగం దారిలో జగ్గమ్మ వెనక నుంచి వంగి నా చెవిలో గుసగుసలాడింది.

“బావూ, నీ బండికేటీ అవ్వనేదు. ఈ మజ్జిన వచ్చిన బండ్లు సానా వాటికి ఏటీ అవ్వనేదు. ఈడికి సెప్పకు. సెవులు పోనాయి, పాపం. నాను మానీసినానంటే ఈడు షెడ్డు మూసుకోవాల. అందుకే ఒంట్లో బాగోకపోనా వస్తన్నాను.”

తర్వాత వెనక్కి వాలి గట్టిగా అరిచింది. “ఒరే అబ్రహామూ! ఎనకెడమ సన్నంగా ఏడస్తన్నాది! శుక్కురారం కూడా సూడాల!”

గోడ అవతలి గొణుగుడు వినే ఆ మనిషి తల తిప్పలేదు. “ఆఁ? ఏటప్పా?” అన్నాడు. అద్దంలో ఆయన మీసం మాత్రం నవ్వు ఆపుకోలేక అదురుతోంది.

శుక్రవారం దాకా నేను స్కూలుకి నడిచి వెళ్ళాను.